పుట్టు చెవుడు - కాక్లియర్ పరికరము

రెండేండ్లు నిండినను మాటరాని బిడ్డను చూచి, "వీని మేనమామకును మాటలు ఆలస్యముగానే వచ్చినవి" అని పెద్దలు ఊరడించుట మన గ్రామములలో వాడుక. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. కాని బిడ్డకు పుట్టుకతోనే చెవుడున్న యెడల, ఆ ఊరడింపులో గడచిన కాలము మరల రాదు. అట్టి బిడ్డలకు వినికిడి కలిగించు కాక్లియర్ ఇంప్లాంట్ అను పరికరమును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

చెవి లోపల, ఎముక నడుమ, నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన చిన్న గొట్టము కలదు. దీనిని కర్ణావర్తము అందురు. ఇందు సుమారు 15 వేల సూక్ష్మ రోమకణములు ఉండును. శబ్దము సోకగానే అవి కదలి, ఆ కదలికను విద్యుత్ సంకేతముగా మార్చి శ్రవణనాడికి అందించును. కీచు ధ్వనులను మొదటి చుట్టులోని కణములు, గంభీర ధ్వనులను చివరి చుట్టులోని కణములు గ్రహించును. పుట్టు చెవిటివారిలో పెక్కుమందికి నాడి బాగుగనే ఉండును, రోమకణములే పనిచేయవు. చెవికి తగిలించుకొను సామాన్య యంత్రము ధ్వనిని పెద్దది చేయును గాని, గ్రహించు కణములే లేనిచోట దానివలన ప్రయోజనము స్వల్పము.

అట్లయిన నాడికే నేరుగా విద్యుత్తును అందించిన నేమి? 1957లో ప్యారిస్ నగరమున జూర్నో, ఏరియెస్ అను ఇరువురు ఈ ప్రయత్నము చేసిరి. రోగికి శబ్దము వినవచ్చినది. మాట స్పష్టముగా తెలియలేదు. మాట తెలియవలెనన్న కర్ణావర్తములో వేరువేరు చోట్ల వేరువేరుగా ప్రేరణ కలిగింపవలెను. అందుకు పెక్కు ఎలక్ట్రోడులు గల తీగను ఆ మలుపులలోనికి పంపవలెను. అదియే కష్టమైనది.

ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ ఈ చిక్కుతోనే పెనగులాడెను. ఆయన తండ్రి మందుల దుకాణము నడుపుచుండిన చెవిటివాడు. తమకు కావలసినదేదో నలుగురు వినునట్లు గట్టిగా చెప్పవలసి వచ్చి జనులు సిగ్గుపడుట క్లార్క్ బాల్యముననే చూచెను. 1977లో సముద్రతీరమున, ఒక గుల్లలోనికి ఆయన గడ్డిపోచను దూర్చి చూచెను. కొన మెత్తగను, మొదలు బిరుసుగను ఉన్న పోచ మలుపులు తిరుగుచు లోనికి పోయినది! తీగకును అదే గుణము కల్పించిరి. 1978 ఆగస్టు 1వ తేదీన మెల్బోర్న్‌లో ఆయన తొలి శస్త్రచికిత్స జరిపెను.

నేటి పరికరమున రెండు భాగములు. చెవి వెనుక ధరించు భాగము మాటను గ్రహించి, స్థాయిని బట్టి విభజించి, తలపై అయస్కాంతముతో నిలిచిన చుట్ట ద్వారా చర్మము క్రింది భాగమునకు రేడియో తరంగములుగా పంపును. అచటినుండి 12 మొదలు 22 వరకు గల ఎలక్ట్రోడులు నాడిని మేల్కొల్పును.

పుట్టు చెవిటి బిడ్డకు మూడేండ్లలోపు అమర్చిన ఫలితము మిక్కిలి బాగుండును. మాట నేర్చుకొను శక్తి మెదడునకు పసితనముననే హెచ్చు. ఏడెనిమిదేండ్లు దాటిన పిమ్మట ఫలితము చాల తగ్గును. అమర్చినంతనే బిడ్డ మాటలాడుననుకొనుట పొరపాటు. నెలల తరబడి, ఏండ్ల తరబడి మాటల శిక్షణ కావలెను. ఈ భారము ఎక్కువగా తల్లిపై పడుచున్నది. దూరపు పట్టణమునకు వారమువారము బిడ్డ నెత్తుకొని పోవువారికి గ్రామము తోడ్పడవలదా? ఇక శ్రవణనాడియే లేనివారికి ఈ పరికరము పనికిరాదు. వారికి సంజ్ఞాభాషయు, బడియు కావలెను.

పెద్ద శబ్దమునకు ఉలికిపడని శిశువును, ఆరు నెలలకును పిలుపువైపు తల త్రిప్పని బిడ్డను ఆశా కార్యకర్త ద్వారా వెంటనే పరీక్షకు పంపుడు. ఇంటిలో చప్పట్లు కొట్టి నిర్ధారణ చేయరాదు. చేతి నీడను చూచియు బిడ్డ తిరుగవచ్చును. మేనరికపు సంతానమందు పుట్టు చెవుడు హెచ్చు గనుక, ఆ యిండ్లలో మరింత జాగ్రత్త అవసరము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున ఈ పరీక్షయు చేరియున్నది. శస్త్రచికిత్సకు ప్రభుత్వ సహాయమును గూర్చి జిల్లా ఆసుపత్రిలోగాని, సికిందరాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రములోగాని విచారింపవచ్చును. పరికరము ఉచితముగా లభించినను, బ్యాటరీలకు, తెగిన తీగలకు తరువాత ఖర్చు తప్పదు. ఆ ఖర్చునకు వెనుదీసి పెట్టెలో పెట్టిన పరికరము బిడ్డకు లేనట్లే గనుక, శస్త్రచికిత్సకు ముందే ఆ కుటుంబముతో ఈ సంగతి మాటలాడుడు.