కోరుట్లలో నేర్పి సిరిసిల్లలో అడుగు

కోరుట్ల

చిరంజీవి బిడ్డకు,

ఆకు ఫొటో చూసి మొక్క పేరు చెప్పే ప్రాజెక్టు మొదలుపెట్టావని, మోడల్ అప్పుడే నూటికి 98 సరిగ్గా చెబుతోందని రాశావు. సంతోషం. కానీ ఆ అంకెను నాచుపల్లి కాలేజీలో మీ సార్లకు ఇప్పుడే చూపకు. అది దేన్ని చూసి చెబుతోందో ముందు తేల్చుకో.

2016లో మొహంతీ, హ్యూస్, సలాథే అనే ముగ్గురు ప్లాంట్‌విలేజ్ సేకరణలోని 54,306 ఆకు ఫొటోలతో ఇలాంటి మోడలే తయారుచేశారు. 14 పంటలు, 26 తెగుళ్లు. పరీక్షకని పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం సరైన జవాబులొచ్చాయి. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతానికి పడిపోయింది. ఈ రెండో సంగతి కూడా వాళ్లే దాచకుండా రాశారు. లోకం మాత్రం మొదటి అంకెనే పట్టుకుంది.

2022లో నోయన్ అనే పరిశోధకుడు ఇంకా తమాషా చేశాడు. ఆ ఫొటోల్లో ఆకును పూర్తిగా వదిలేసి, దాని వెనకున్న ఖాళీలోంచి ఎనిమిదంటే ఎనిమిదే పిక్సెళ్లు తీసుకొని మోడల్‌కు నేర్పాడు. గుడ్డిగా చెబితే 2.6 శాతం రావాల్సిన చోట 49 శాతం వచ్చింది! ఆకు లేకుండానే జవాబు దొరికిందంటే, ఫొటోలు తీసిన తీరే దాన్ని పట్టిచ్చిందన్నమాట.

ఇప్పుడు నీ ఫొటోలు చూసుకో. వేపాకులన్నీ మీ వాకిట్లోవి. తునికాకులన్నీ బీడీలు చేసే అమ్మల చాటల్లోవి. నీ మోడల్ తునికాకును కాదు, చాటను నేర్చుకుని ఉంటుందని నా అనుమానం. పైగా బీడీకి కత్తిరించిన ఆకుకు అసలు అంచే మిగలదు. చెట్టు మీదున్న తునికాకు తీయాలి, లేతదీ ముదురుదీ రెండూ.

నేనైతే ఇలా చేస్తాను. జగిత్యాల, కోరుట్ల ఫొటోలతో నేర్పుతాను. సిరిసిల్ల ఫొటోలు ఒక్కటి కూడా మోడల్‌కు చూపకుండా దాచి, పరీక్ష వాటి మీదే పెడతాను. మధ్యలో పెట్టుకునే చిన్న పరీక్షలకైనా, ఒకే చెట్టుకు పది ఫొటోలు తీసి కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పంచితే ప్రశ్నాపత్రం ముందే ఇచ్చినట్టే. అందుకే ప్రతి చెట్టుకూ ఒక నంబరు వేసి, దాని ఫొటోలన్నీ ఒకే వైపు ఉంచు.

ఇక ఏది ఫొటో తీయాలన్నది. దీని మీద మీ వయసు పిల్లలు అసలు మనసు పెట్టరు. వేపలో నువ్వు ఒక ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక ముక్క. కాడకు రెండు వైపులా వరుసగా ఉన్నవన్నీ కలిస్తేనే ఒక ఆకు. తురకవేపలో ఆ కాడ మళ్లీ కొమ్మలుగా చీలుతుంది. విడి ముక్క తెంపి తీస్తే ఈ తేడా పోయినట్టే. కాబట్టి మొత్తం రెమ్మ తీయి.

వరినీ ఊద కలుపునూ విడదీయడం మరీ కష్టం. లేతగా ఉన్నప్పుడు ఆకు మాత్రమే చూస్తే కలుపు తీసే చేతులు కూడా తడబడతాయి. గుర్తు ఆకు కాండాన్ని పట్టుకునే చోట ఉంటుంది. వరికి అక్కడ పల్చటి తెల్లటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఆ చోటు ఫ్రేములో లేకపోతే ఎంత పెద్ద మోడల్ పెట్టినా లాభం లేదు. దగ్గరగా తీయి కూడా. చాలా మోడళ్లు ఫొటోను 224 × 224 పిక్సెళ్లకు కుదించుకుంటాయి. దూరం నుంచి తీస్తే ఆ పొరా, ఆకు అంచున్న పళ్లూ ఆ కుదింపులోనే మాయమైపోతాయి.

కాలం కూడా చూసుకో. మామిడి చిగురు రాగి రంగులో ఉంటుంది, నెల గడిస్తే వేరే ఆకులా కనబడుతుంది. మన పసుపు చేలల్లో మచ్చలు పడ్డ ఆకులను ఏరి పారేయకు, రేపు రైతు చూపేది వాటినే.

ఆకును బట్టి వరి అని చెప్పించగలవేమో గానీ, అందులో ఏ రకం, జగిత్యాల సన్నాలా, పొలాస ప్రభా అని అడిగితే చెప్పించలేవు. అలాంటి మాట ఎవరికీ ఇవ్వకు. తెలియనప్పుడు "తెలియదు" అనడం కూడా దానికి నేర్పు. లేకపోతే సిరిసిల్ల చీర మీది ఆకు డిజైన్ చూపినా నీ జాబితాలోంచి ఏదో ఒక పేరు ధీమాగా చెబుతుంది.

పేర్లు పెట్టేటప్పుడు పొలాస వ్యవసాయ కాలేజీకి వెళ్లి, మొక్కలు తెలిసినవాళ్లతో సరిచూపించుకో. నాట్లు పడే రోజుల్లోనే వెళ్లు, ఊద లేతగా దొరుకుతుంది. చివరికి సిరిసిల్ల ఫొటోల మీద ఎంత వస్తే అంతే రిపోర్టులో రాయి, 60 వచ్చినా సరే.

ఇట్లు
మీ పెద్దబాపు