అరిగిన ట్రాక్టరు ఇంజను - ఆయిలులో పోయు మందులు

పాత ట్రాక్టరు గల సభ్యులు తఱచుగా మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. ఇంజను నీలిపొగ విడుచుచున్నది, దినదినము ఆయిలు తగ్గుచున్నది. దుకాణములలో డబ్బాలలో నమ్ము మందును ఆయిలులో కలిపినచో బోరు పని తప్పునా యని. తప్పదని మా యభిప్రాయము. కొన్నినాళ్లు వాయిదా మాత్రము పడవచ్చును. ఆ వాయిదా యెప్పుడు మేలో, యెప్పుడు నష్టమో రైతు తెలిసికొనవలెను. దమ్ము నడుమ ట్రాక్టరు నిలిచిపోయినచో నారు ముదురును; ఆ యదనులో బాడుగకు మఱియొక ట్రాక్టరు దొరకుటయు కష్టమే.

ఈ డబ్బాలలో నుండునది యేమి? పెక్కింటిలో నుండునది ఆయిలును చిక్కబఱచు జిగట పదార్థము. చిక్కని ఆయిలు అరిగిన రింగుల సందులనుండి తేలికగా పైకి ప్రాకదు గాన పొగ తగ్గును, చప్పుడు కొంత యణగును. కాని ఇంజనులోని రాపిడికి ఆ జిగట పదార్థము క్రమముగా తునిగిపోవును; పొగ మరల వచ్చును. అరిగిన లోహము తిరిగి పెరుగుట లేదు. మఱికొన్నింటిలో మసిని కరగించు పదార్థములును, ఇంకను కొన్నింటిలో గ్రాఫైటు, మాలిబ్డినము, టెఫ్లాను వంటి పొడులును ఉండును. అమెరికా దేశమున 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు టెఫ్లాను కలిపిన యొక ప్రసిద్ధమైన మందు ప్రకటనలకు తగిన నిదర్శనములు లేవని అభియోగము తెచ్చిరి. 1997లో ఆ వ్యవహారము రాజీతో ముగిసి, అట్టి ప్రకటనలకు అడ్డు పడినది. డబ్బాపై వ్రాసినదంతయు నమ్మవలసిన పనిలేదు. మంచి డీజిలు ఇంజను ఆయిలులో అరుగుదలను తగ్గించు జింకు, భాస్వర సమ్మేళనములును, మసిని పట్టియుంచు పదార్థములును తయారీలోనే తగుపాళ్లలో కలుపబడియుండును.

కావున మందు కొనుటకు ముందు ఆయిలు ఎటు పోవుచున్నదో చూడవలెను. మొదట ఇంజను క్రింద నేలను చూడుడు. సీలు కారుచున్నచో మందుతో పని యేమి? నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. నల్లపొగ డీజిలు హెచ్చగుటకో, గాలి చాలకుండుటకో గుర్తు. దానికి ఎయిర్ క్లీనరును, ఇంజెక్టర్లను చూపవలెను గాని ఆయిలు మందు పనికిరాదు. రాత్రి నిలిపి ఉదయము స్టార్టు చేసినపుడు మాత్రమే నీలిపొగ గుప్పున వచ్చి తగ్గినచో వాల్వు గైడులను శంకింపవలెను. బరువు పనిలో ఎడతెగక వచ్చుచు, బ్రీదరు నుండి గాలి బలముగా తన్నుచున్నచో రింగులు, లైనర్లు అరిగినవని తలపవచ్చును. మెకానిక్కు కంప్రెషను కొలిచి, పిమ్మట సిలిండరులో ఒక్క చెంచా ఆయిలు మాత్రమే వేసి మరల కొలిచినచో సంగతి తేలును: పీడనము పెరిగిన రింగుల లోపము, పెరుగకున్న వాల్వుల లోపము.

అన్నిటికంటె మోసకరమైనది ఆయిలు ప్రెషరు గేజి. బేరింగులు అరిగి, ఇంజను వేడెక్కినపుడు ముల్లు పడిపోవుచుండగా చిక్కబఱచు మందు పోసినచో ముల్లు లేచును. రైతు సంతసించును. బేరింగు సందు మాత్రము అట్లే యుండును. క్రాంకు షాఫ్టు దెబ్బతినిన పిమ్మట గాని తెలియదు. కొన్ని బేరింగులతో పోవలసిన ఖర్చు అప్పుడు షాఫ్టు వఱకు ప్రాకును. ముల్లు పడిపోవు ఇంజనులో మందు పోయనే పోయరాదు. డిప్ స్టిక్కుపై ఆయిలు తగ్గుటకు బదులు పెరుగుచు డీజిలు వాసన వచ్చినను, ఆయిలు పాలవలె తెల్లబడినను అంతే. మొదటిది డీజిలు కలియుటకు, రెండవది నీరు కలియుటకు గుర్తులు. ఇంజను నాపి మెకానిక్కును పిలువుడు.

మఱియొక అపాయము కొందఱికే తెలియును. ఉన్న ఆయిలు తీయక దానిపై డబ్బా పోసి, మట్టము పై గీత దాటించినచో, అరిగిన డీజిలు ఇంజను తన ఆయిలునే ఇంధనముగా పీల్చి అదుపు లేక పరుగెత్తవచ్చును. స్టాపు లివరు లాగినను నిలువదు. గాలి లోనికి పోవు ద్వారమును బల్లచెక్కతో గట్టిగా మూయవలెను. అరచేయి అడ్డము పెట్టరాదు. ట్రాన్స్‌మిషను ఆయిలులోనే బ్రేకులు మునిగియుండు ట్రాక్టర్లలో ఆ ఆయిలునందును ఈ మందులు కలుపరాదు; బ్రేకులు జారును.

ఇక మందు పోయదగిన సందర్భము లేదా? ఉన్నది. ప్రెషరు బాగుండి, నీరుగాని డీజిలుగాని కలియక, రింగుల అరుగుదలచేత మాత్రమే పొగ వచ్చుచు, కోత ముగియుటకు కొలది వారములే యున్నపుడు, మట్టము దాటనీయక పోసి కాలము గడుపవచ్చును. అప్పుడును లెక్క చూచుకొనవలెను. గంటకు 50 మిల్లీలీటర్లు త్రాగు ఇంజను 10 గంటల దమ్ములో అర లీటరు త్రాగును. రోజునకు ఆ అర లీటరు మంచి ఆయిలు పోయుటయే పెక్కు చోట్ల చాలును. నెలల తరబడి కదలక నిలిచిన ట్రాక్టరులో రింగులు మసితో బిగిసినవేమో యను శంక యున్నచో, తయారీదారులు చెప్పిన గ్రేడు ఆయిలు క్రొత్తది పోసి, కొన్ని గంటలు పని చేయించి, త్వరగానే మరల మార్చి చూడుడు.

లైనర్లను అరగదీయు మొదటి శత్రువు దుమ్ము. పొడి దుక్కిలోను, నూర్పిడి యంత్రము దగ్గఱను పని చేసిన దినమున పాత ట్రాక్టర్ల ఆయిలు గిన్నె ఎయిర్ క్లీనరును విప్పి, అడుగున బురద పేరుకొన్నచో కడిగి, గీత వఱకు శుభ్రమైన ఆయిలు పోయవలెను. గొట్టము బీట వాఱినచో గిన్నె ఎంత శుభ్రముగా నున్నను ఫలము లేదు. క్రొత్త లైనర్లు వేయించి ఈ గొట్టమును పాతదే యుంచిన వారిని మేము చూచినాము.

ప్రతి సభ్యుడును గంటల మీటరు అంకెను, పోసిన ఆయిలు కొలతను ఒక పుస్తకమున వ్రాయుట మంచిది. ఖర్చు నిరుటికంటె ఎంత పెరిగినదో దానివలననే తెలియును. కంప్రెషను గేజి ఒక్కొక్కరు కొననక్కరలేదు, సంఘము ఒకటి కొని అందఱకు వాడుకకు ఈయవచ్చును. అది డీజిలు ఇంజనునకు చేసినదిగా నుండవలెను. పెట్రోలు బండ్ల గేజి ఆ పీడనమునకు తాళదు.