సినిమా అయ్యాక ఇంకో అరగంట

నాందేడ్‌లోని తెలుగింట్లో ఆదివారం ఏ సినిమా పెట్టాలన్నది తేలే ప్రశ్న కాదు. నాయనమ్మకు తెలుగు కావాలి. నాన్న హిందీ పాటలు వింటూ పెరిగాడు. పిల్లలు మరాఠీ బడిలోనో ఇంగ్లిషు బడిలోనో చదువుతున్నారు. వాళ్లకు తెలుగు హీరో ఇష్టమే, కానీ హిందీ డబ్బింగులో. అమ్మను ఎవరూ అడగరు, ఆమె వంటింట్లో ఉంటుంది. చివరికి పెద్దావిడ టీవీ ముందు ఒంటరిగా మిగులుతుంది, తక్కినవాళ్లు తలా ఒక ఫోను పట్టుకుని తలా ఒక మూలకు చేరతారు. గొడవ తప్పిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు గానీ, ఆ ఆదివారం కూడా చేజారింది.

ఈ భాషల చిక్కు నాందేడ్‌కు చరిత్ర ఇచ్చింది. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ఆ ఏడాది నవంబరు 1న మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. సరిహద్దు మారినా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు ఇళ్లలో తెలుగు అలాగే నిలిచింది. ధర్మాబాద్ వాళ్లు పొద్దున బాసర సరస్వతి దర్శనానికి వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తారు. తెలుగు గలగలా మాట్లాడుతూనే ఒక్క అక్షరం చదవలేని పిల్లలు ఈ ఇళ్లలో కనిపిస్తారు. నాయనమ్మ పెరిగిన లోకం వాళ్లకు అందాలంటే సినిమా, పాట కన్నా దగ్గరి దారి లేదు.

అందుకే టీవీ ఆపేశాక ఇంకో అరగంట అందరూ కలిసి మాట్లాడుకోమంటున్నాను.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ రోగ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి బృందం పెళ్లి కుదిరిన, కొత్తగా పెళ్లయిన 174 జంటలను మూడేళ్ల పాటు గమనించింది. కొన్ని జంటలకు శిక్షణ తరగతులు పెట్టారు. ఇంకొన్నిటికి మాత్రం నెలలో ఐదు సినిమాలు చూసి, ప్రతి సినిమా తర్వాత అందులోని భార్యాభర్తల గురించి, ఆపైన తమ గురించి అరగంట మాట్లాడుకొమ్మన్నారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఏ సాయమూ అందని జంటల్లో మూడేళ్లు తిరిగేసరికి 24 శాతం విడిపోయారు. సినిమాలు చూసి మాట్లాడుకున్న జంటల్లో విడిపోయింది 11 శాతమే. శిక్షణ పొందినవాళ్ల లెక్కా దాదాపు అంతే.

అది అమెరికా జంటల సంగతి. మన ఇంట్లో అత్తగారుంటారు, పిల్లలుంటారు, పక్క గదిలో మరిది కుటుంబం ఉంటుంది. ఆ శాతాలు మనకూ వర్తిస్తాయని అనను. కానీ అందులోని కిటుకు మనకు బాగా పనికొస్తుంది. ఇంట్లో మనిషి తప్పు ఎత్తిచూపితే మాటా మాటా పెరుగుతుంది. తెర మీది మనిషి తప్పు గురించి మాట్లాడితే ఎవరి మనసూ నొచ్చుకోదు, చెప్పదలచుకున్నది మాత్రం చేరుతుంది. చదువు సంగతి మాట్లాడదామని తండ్రి మొదలుపెడితే పదో తరగతి అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోతాడు. సినిమాలో తండ్రి చేసింది న్యాయమేనా అని అడిగి చూడండి, కదలడు. పైగా వాదిస్తాడు. ఆ వాదనలో అతను తన గురించి చెప్పేది ఎంతో ఉంటుంది, మీరు చెవి ఒగ్గాలి అంతే.

"బాగుందా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు అయిపోతుంది. అతను అబద్ధం చెప్పకపోతే ఏమయ్యేది, ఆ ఇంట్లో ఎవరి మాట ఎవరు వినలేదు, నీకు ఎవరి మీద జాలి కలిగింది: ఇలా అడగండి. జవాబు నచ్చకపోయినా సరిదిద్దకండి. పన్నెండేళ్ల పిల్ల విలన్ మీద జాలి పడిందంటే, ఆ పిల్ల ఏం చూసిందో తెలుసుకోవాలి గానీ ఉపన్యాసం ఇవ్వకూడదు.

నాందేడ్ ఇళ్లకు నేను మొదట చెప్పేది ఒక జోడీ. పుణె ప్రభాత్ సంస్థ 1936లో తీసిన మరాఠీ 'సంత్ తుకారాం' ఒకటి. దామ్లే, ఫత్తేలాల్ దర్శకులు, విష్ణుపంత్ పాగ్నీస్ తుకారాం. మరుసటి ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో గౌరవం అందుకున్న సినిమా. రెండోది 1973 నాటి మన 'భక్త తుకారాం'. అక్కినేని నాగేశ్వరరావు తుకారాం, అంజలీదేవి ఆయన భార్య, శివాజీ గణేశన్ ఛత్రపతి శివాజీ. ఒక ఆదివారం ఒకటి, మరో ఆదివారం ఇంకొకటి చూడండి. మొదటి వారం పిల్లలు నాయనమ్మ పక్కన కూర్చుని మరాఠీ మాటలు విడమరిచి చెప్పాలి. రెండో వారం ఆ పని నాయనమ్మది. బడిలో నేర్చిన భాష ఇంట్లో పెద్దావిడకు అక్కరకొస్తే పిల్లలకు కలిగే ధీమా వేరు. తన భాష కోసం పిల్లలు చెయ్యి పట్టుకుని అడిగితే పెద్దావిడకు కలిగే ఆనందమూ అంతే.

సినిమాలయ్యాక తుకారాం గొప్పతనం దగ్గరే ఆగిపోకండి. ఆయన భార్య గురించి అడగండి. ఇంట్లో గింజ లేదు, పిల్లలు ఆకలితో ఉన్నారు, భర్త చేతికొచ్చింది పంచిపెట్టి వస్తాడు. ఆమె అరిచింది. తప్పా? మరాఠీ సినిమాలో గౌరి వేసిన ఆ జీజాయి పాత్ర నా లెక్కలో ఆ చిత్రానికి వెన్నెముక. ఈ ఒక్క ప్రశ్న మీద మీ ఇంట్లో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు అయినా కంగారు పడకండి. ఇంటి ఖర్చుల సంగతి, ఎవరూ పైకి అనని సంగతులు ఆ వంకన బయటికొస్తాయి. రానివ్వండి.

ఎంపిక దగ్గర నియమం ఒకటే, వారానికొకరి వంతు. వంతు ఎవరిదైతే వాళ్ల మాటే చెల్లాలి. తొమ్మిదేళ్ల వాడు బొమ్మల సినిమా పెట్టినా తాతయ్య చూడాలి, తాతయ్య మూడు గంటల 'మాయాబజార్' పెట్టినా వాడు చూడాలి. ఒక్క బిగిన కూర్చోలేకపోతే శనివారం సగం, ఆదివారం సగం చూడండి. 1957 నాటి సినిమా అని పిల్లలకు ముందే పాఠం చెప్పకండి, ఘటోత్కచుడు తన పని తానే చేసుకుంటాడు. అమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె 'శ్యామ్‌చీ ఆయీ' అడిగితే, అది సానే గురూజీ పుస్తకం ఆధారంగా ఆచార్య అత్రే 1953లో తీసిందని, ఉత్తమ చిత్రానికి మొట్టమొదటి రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకుందని పిల్లలకు ఆ తర్వాత చెప్పవచ్చు. ముందు ఏడవనివ్వండి.

అమ్మ వంతు అన్నాను. ఈ మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో అమ్మ సినిమాను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. కుక్కర్ కూత కోసం ఒకసారి, టీ కోసం ఒకసారి లేస్తుంది. క్లైమాక్స్ వచ్చేసరికి ఎవరికో పచ్చడి కావాలి. కథ సగం తెలియని మనిషి తర్వాత మాటల్లో ఏం పాలుపంచుకుంటుంది? నవ్వి ఊరుకుంటుంది. కాబట్టి సినిమాకు ముందే అందరూ చేతులు వేసి వంట ముగించండి. ఆ రోజుకు జొన్నరొట్టె, పల్లీ చట్నీ చాలు. గిన్నెలు సినిమా అయ్యాక అందరూ కలిసి కడగండి. నన్నడిగితే అరగంట మాటలకు సింకు దగ్గరి చోటే మేలు. చేతులకు పని ఉంటే కుర్రాళ్ల నోళ్లు తేలిగ్గా విచ్చుకుంటాయి.

జాగ్రత్తలు ఎక్కువేం లేవు. సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏ చిత్రాలకు 7, 13, 16 ఏళ్ల గుర్తులు విడివిడిగా ఇస్తోంది, చూసి పెట్టండి. రెండేళ్ల లోపు బిడ్డకు తెర అసలే వద్దని, నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచీ చెబుతోంది. భోజనం పెట్టేటప్పుడు ఫోను చేతికివ్వడం ఈ లెక్కలోకే వస్తుంది.

ఇక పాట. దీనికి ఆదివారం దాకా ఆగక్కర్లేదు. డయానా బోయర్, అమీనా అబూబకర్ అనే పరిశోధకులు కెన్యా, ఫిలిప్పీన్స్, న్యూజిలాండ్, జర్మనీ దేశాల యువతను ప్రశ్నించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటివాళ్లతో కలిసి సంగీతం వినే అలవాటున్న చోట కుటుంబంలో దగ్గరితనం ఎక్కువగా కనిపించింది. నాలుగు వేరు వేరు సంస్కృతుల మాట అది. మన ఇంట్లో పరీక్షించడానికి ఖర్చేమీ లేదు.

అంత్యాక్షరితో మొదలుపెట్టండి. చివరి అక్షరం పట్టుకుని పాడాలన్న నియమానికి భాషతో పని లేదు. పిల్ల మరాఠీ పాట 'ర' దగ్గర ఆపితే నాయనమ్మ తెలుగు పాట అందుకోవచ్చు, నాన్న హిందీ పాటతో ముగించవచ్చు. నాలుగు భాషల ఇల్లు ఈ ఆటలో ఒక భాష ఇంటి కన్నా బలమైన జట్టు. పాటలకు భాషల సరిహద్దులు ఎన్నడూ అడ్డు రాలేదు. లతా మంగేష్కర్ 1955లోనే 'సంతానం' సినిమా కోసం సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో తెలుగు జోలపాట పాడారు. మన బాలసుబ్రహ్మణ్యం 1981 నాటి 'ఏక్ దూజే కే లియే' పాటకు జాతీయ పురస్కారం తెచ్చుకున్నారు, అది మన 'మరో చరిత్ర'కు హిందీ రూపం. వేరు వేరు భాషల ప్రేమికుల కథ. ముగింపు విషాదం కాబట్టి చిన్నపిల్లలతో వద్దు గానీ, కాలేజీ వయసు పిల్లలున్న ఇంట్లో రెండూ చూడండి, తర్వాతి అరగంట చాలదు.

పిల్లల హెడ్‌ఫోన్‌లో మోగేది మీకు గోలగా అనిపిస్తుందా? ఒక పాట వినిపించమని అడిగి, చివరిదాకా విని, అప్పుడు మాట్లాడండి. మధ్యలో ముఖం ముడుచుకుంటే ఇంకోసారి వినిపించరు. పాడే పిల్లలుంటే ఇంటి పాటకు మార్కులు వేయకండి. టీవీ పోటీలున్నాయి, వాటి సంగతి వాటిది. శ్రుతి తప్పినా పాడగలిగే చోటు పిల్లలకు ఒకటి మిగలాలి.

నాందేడ్‌లో ఉండీ పిల్లలను హజూర్ సాహిబ్ గురుద్వారాకు కీర్తన వినడానికి తీసుకెళ్లకపోతే పెద్ద నష్టం. దర్శనం చేసుకుని వెనక్కి తిరగకండి, కాసేపు కూర్చోండి. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో పాటలు 31 రాగాల వరుసలో ఉంటాయి. అందులో నామదేవుడివి 61 ఉన్నాయి. ఆయన పుట్టిన ఊరని చెప్పే నర్సి పక్క జిల్లా హింగోలిలోనే ఉంది. తుకారాం కొలిచిన విఠలుడినే కొలిచిన మనిషి మాట ఇక్కడ పంజాబు బాణీలో వినిపిస్తుందని చెబితే, సినిమా చూసి వచ్చిన పిల్లలు చెవి పెడతారు.

నవరాత్రికి మాహూర్ రేణుకాదేవి దగ్గరికి జనం కదిలే రోజుల్లోనే తెలుగిళ్లలో బతుకమ్మ పేరుస్తారు, మరాఠీ పిల్లలు భోండ్లా ఆడతారు. రెండిట్లోనూ వలయంగా తిరుగుతూ పాడటమే. పక్కింటి మరాఠీ పిల్లలను మీ బతుకమ్మకు పిలవండి, మీ అమ్మాయిని వాళ్ల భోండ్లాకు పంపండి. మల్లన్న కథ తెలిసిన పెద్దవాళ్లుంటే, మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లే దారిలో చెప్పించుకోండి. మల్లన్నకు భార్య గొల్ల కేతమ్మ, ఖండోబాకు భార్య ధనగర్ల బానాయి: రెండు కథల్నీ పిల్లలే పోల్చుకుంటారు.

ఈసారి నాయనమ్మ బతుకమ్మ పాట ఎత్తుకున్నప్పుడు ఫోను ఆమె దగ్గరగా పెట్టి రికార్డు నొక్కండి. ఫ్యాను ఆపండి, గోల తగ్గుతుంది. మధ్యలో మరిచిపోతే ఆపకండి, తట్టేదాకా ఆగండి. పాట అయ్యాక ఏ ఊళ్లో నేర్చుకుంది, ఎవరు నేర్పారు, అప్పుడు తన వయసెంత అన్నవి మనవరాలితో అడిగించండి. ఆ జవాబులూ అదే రికార్డులో ఉండాలి.