నూరు గజాలు

గుంటూరు,
మంగళవారం.

చిరంజీవి నానికి,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ మనవరాలు చదివి వినిపించింది. అది రాకముందే నాకు కబురు అందింది. పేరాల నుంచి చుట్టపుచూపుగా వచ్చినావిడ కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే "మీ మేనల్లుడు గంజాయి సామాన్ల కొట్టు పెడుతున్నాడటగా" అంది. నాకు గుండె జారిపోయింది. పైకి మాత్రం "లైటర్ల కొట్టులెండి, గంజాయి మొక్క ఎలా ఉంటుందో కూడా వాడు ఎరగడు" అన్నాను. ఎరగవు కదా? ఎరగవనే అనుకుంటున్నా.

ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో నీకు వేరే ఫోన్లు వస్తాయి, నాకు ఏడుపొస్తుంది. అందుకని కాగితం తీశాను. వేళకు తింటున్నావా? నీ దగ్గు సంగతి మీ అమ్మ చెప్పింది. దాని గురించి తరవాత.

నాకు అర్థమైనంతవరకు నీ ఆలోచన ఇది. చుట్టుకునే సన్న కాగితాలు, వాటి ఫిల్టరు ముక్కలు, పొగాకు నలిపే గ్రైండర్లు, పైపులు, యాష్‌ట్రేలు, రకరకాల లైటర్లు. పొగాకు మాత్రం అమ్మవు. "సామానే అత్తయ్యా, సరుకు కాదు" అని రాశావు. హైదరాబాదులో అలాంటి కొట్టు చూశావు, రూపాయికి రూపాయి మిగులుతుందన్నారు, మన చీరాలలో ఇంకా ఎవరూ పెట్టలేదు. ఎవరూ పెట్టలేదంటే నీకంటే ముందు ఒకరిద్దరు ఆలోచించి మానుకున్నారేమో, అదీ కనుక్కో.

"మన ఊరే పొగాకు మీద బతికింది కదా, ఇప్పుడు తప్పెలా అయింది" అన్న ముక్క నాకోసమే రాశావని తెలుసు. బతికింది, కాదనను. మీ నాయనమ్మ ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో గ్రేడింగుకు వెళ్ళి వస్తే, చీరకు పట్టిన ఆకు వాసనను బట్టి చీకట్లో కూడా గుర్తుపట్టేవాళ్ళం. ఆ కూలి డబ్బుతోనే మీ నాన్న చదివాడు. కానీ ఆకు మీద బతికినవాళ్ళందరి గతీ ఒకటి కాదు నాన్నా. వర్జీనియాకైతే బోర్డుంది, వేలం కేంద్రాలున్నాయి. 2025లో నల్లబర్లీ కొనే నాథుడు లేక పర్చూరు వైపు రైతులు ఎంత అల్లాడారో నువ్వే చూశావు. చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. ఊరి పేరు చెప్పుకుని వ్యాపారం పెట్టేముందు ఊళ్ళో ఎవరికి ఎంత మిగిలిందో మీ నాన్నను అడుగు.

స్టేషన్ రోడ్డులో మన కిళ్ళీ కొట్టు నువ్వు పుట్టేనాటికే తీసేశాం. మీ మావయ్యకు నడుం పట్టేసినప్పటి నుంచీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది నేనే. కొట్టు గుంజకు కొబ్బరితాడు వేలాడేది, చివర నిప్పు రాజుకుంటూ. సిగరెట్టు కొన్నవాడు తాడు అందుకుని అంటించుకుని పోయేవాడు. మా లైటరు అదే. సినిమా విరామంలో ఆ తాడు కోసం కొట్టుకునేవారు. ఒకసారి ఒకాయన పంచె అంచుకు నిప్పంటుకుంటే నేను గోళీసోడాలు కొట్టి ఆర్పాను. ఆయన ఆ సోడాల డబ్బు ఇవ్వనని పేచీ పెట్టాడు, తాగలేదు గనక. "సోడాల డబ్బు నువ్వియ్యి, పంచె డబ్బు నేనిస్తా" అన్నారు మీ మావయ్య. ఆయన లెక్కలు ఎప్పుడూ అలాగే ఉండేవి. అయినా కొట్టు నడిచింది, అదీ సిగరెట్ల మీద కాదు, కిళ్ళీల మీద, సోడాల మీద.

ఇదంతా ఎందుకంటే, ఆ కొట్లో కూర్చుని నేను చూసిన పొగరాయుళ్ళలో ఒక్కడికీ సామాను అక్కర్లేకపోయింది. లంక పొగాకు చుట్టలు కాల్చే పెద్దాళ్ళు పంటితో కొస కొరికి ఊసేవారు. బీడీలవాళ్ళకు ఓ కట్ట, ఓ అగ్గిపెట్టె. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తగారిదైతే అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే మనిషికి బూడిద గిన్నె కూడా దేనికి? పాపం, అంగిలంతా తెల్లగా పొలుసు కట్టింది. అడ్డపొగ వాళ్ళకు అంగిట్లోనే కేన్సరు ఎక్కువ వస్తుందని విశాఖలో డాక్టరు చెప్పాడు. తరవాతి సంగతి నీకు తెలిసిందే, మళ్ళీ ఎత్తను.

అలవాటు ముదిరినవాడికి సరంజామా అక్కర్లేదురా. మరి నీ కొట్లో పుర్రెబొమ్మ లైటరు, రంగు కాగితాలు, తళతళలాడే గ్రైండరు ఎవడు కొంటాడు? ఇంకా అలవాటు కానివాడు. కాల్చడం కన్నా కాలుస్తున్నట్టు నలుగురికీ కనపడడం ముఖ్యమైనవాడు. వాడికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. జేబులో ఉన్నది వాళ్ళ నాన్న మెస్సుకని పంపిన డబ్బు. గిరీశం చుట్ట కాల్చడం నేర్పింది వెంకటేశానికి గానీ అగ్నిహోత్రావధానులకు కాదు కదా.

ఆ వయసు వాళ్ళు నాకు బాగా తెలుసు. ఇంటర్ పిల్లలు ఒక్క బర్కిలీ అడిగి, దాంతోపాటు రెండు యాలక్కాయలు అడిగేవారు. యాలక్కాయలు అడిగాడంటే ఇంట్లో తెలియదన్నమాట. "డబ్బులెందుకులే బాబూ, మీ నాన్న ఖాతాలో రాస్తా" అనేదాన్ని. సిగరెట్టు అక్కడే పెట్టి ఒకటే పరుగు. అలా పరుగెత్తినవాడొకడు ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. ఈమధ్య ఒక పెళ్ళిలో కనపడి "మీరే నన్ను బాగుచేశారమ్మా" అని కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వంగినప్పుడు వాసన గుప్పుమంది. ఇంకో కొట్లో కొనుక్కున్నాడు కాబోలు.

అందుకే నువ్వు చూసుకున్న గది మీద నాకు బెంగ. జూనియర్ కాలేజీకి ఎదురువరసలో, జిరాక్స్ కొట్టు పక్కన! 2003 నాటి పొగాకు చట్టం ఆరో సెక్షను ప్రకారం విద్యాసంస్థకు నూరు గజాల లోపల పొగాకు అమ్మకూడదు. నూరు గజాలంటే 91 మీటర్ల చిల్లర. అది గేటు నుంచి కొలిచేది కాదు, ప్రహరీ గోడ బయటి అంచు నుంచి, నాలుగు దిక్కులా. అందరూ గేటు దగ్గర మొదలెట్టి అడుగులేసుకుంటూ వచ్చి "అబ్బే, బోలెడు దూరం" అంటారు. మనవరాలి చేత ఫోన్లో మ్యాపు తీయించి కొలిపించాను. గోడకూ నీ గదికీ మధ్య అరవై మీటర్లు కూడా లేవంది. ఫోను మాట నమ్మలేక నా పద్ధతిలో లెక్క వేశాను. చీర ఆరు గజాలు. పదహారు చీరలు కొంగుకు కొంగు ముడేస్తే తొంభై ఆరు. పదిహేడో చీరలోంచి ఇంకో నాలుగు గజాలు. ఒక కొస కాలేజీ గోడకు కట్టి లాక్కుంటూ వస్తే నీ గది దాటి, జిరాక్స్ దాటి, హోమియో డాక్టరు మెట్లు దాటి బేకరీ దగ్గర ఆగుతుంది. మగ్గాల ఊళ్ళో పుట్టినవాడివి, గజం లెక్క నీకు నేను చెప్పాలా?

పోనీ బేకరీ అవతల గది చూసుకుంటానంటావేమో. అక్కడికి కాన్వెంటు వెనక గోడ వస్తుంది. వెనక గోడైనా గోడే. ఊళ్ళో బళ్ళన్నీ మ్యాపులో గుర్తుపెట్టించి ఒక్కోదాని చుట్టూ నూరు గజాలు గీయించాను. మనవరాలు విసుక్కుంది, రేపు దానికి పరీక్షట. గీతలన్నీ అయ్యాక బజారులో మిగిలింది చేపల మార్కెట్టు పక్కన కాస్త జాగా. వాసన సంగతి నువ్వే ఆలోచించుకో.

"పొగాకే అమ్మనప్పుడు ఆ సెక్షనుతో నాకేం పని" అంటావు, తెలుసు. లైటర్లకూ కాగితాలకూ నూరు గజాల అడ్డు లేదు, నిజమే. అయితే గ్రైండరు ఎవడైనా ఏడాదికి ఎన్ని కొంటాడు? యాష్‌ట్రే ఒకటి కొంటే పగిలేదాకా రాడు. అవే ఆన్‌లైన్లో ఇంకా చవగ్గా ఇంటికొస్తాయి. లాభం సగానికి సగం ఉన్నా బేరం రావాలి కదా. మూడోనెల అద్దెకు తడుముకుంటున్నప్పుడు, "అన్నా, నాలుగు పెట్టెలు సిగరెట్లు కూడా ఉంచొచ్చుగా" అంటాడొకడు. ఉంచుతావు. గది మాత్రం ఆ అరవై మీటర్లలోనే ఉంటుంది.

"పట్టుకుంటే 200 రూపాయల జరిమానాయేగా" అని పక్క కొట్టువాడు ధైర్యం చెబుతాడు. వాడికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం తెలియదు. పద్దెనిమిది నిండని పిల్లవాడి చేతికి పొగాకు ఇస్తే 77వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు పదహారేళ్ళు, మీసాలు చూసి మోసపోకు. జీఎస్టీ కూడా అంతే. సరుకుల కొట్టుకు 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషను అక్కర్లేదని ఎవరో చెప్పారన్నావు. పొగాకు పెట్టిన కొట్టుకు ఆ వెసులుబాటు లేదు, 20 లక్షలే. ఆడిటరును అడిగి చూడు.

ఇక నీకు లైటర్లు పదికీ పన్నెండుకీ పంపుతానన్న ఆ హోల్‌సేలు మనిషి. ఇరవై రూపాయల లోపు విదేశీ లైటర్లను దిగుమతి చేసుకోకూడదని 2023 జూన్‌లోనే ఆపేశారు, అగ్గిపెట్టెల పరిశ్రమ చచ్చిపోతోందని. మరి ఇతను ఆ ధరకు ఎలా ఇస్తున్నాడు? బిల్లు ఇస్తాడా? పాత సరుకా, ఇక్కడ చేసిందా, సంచిలో వచ్చిందా? 2021 డిసెంబరులో అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైతే, కొట్టు లేకపోయినా నాకే బాధ వేసింది. పద్నాలుగేళ్ళు రూపాయి మీద నిలబడ్డ వస్తువు అది. నీ లైటర్ల మీద నాకు కోపమేమీ లేదు గానీ శివకాశి వాళ్ళ పక్షాన ఈ మాత్రం అననీ.

ఆ హోల్‌సేలువాడే చాటుగా వేప్‌లు కూడా ఇస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పావుట, బంగారు కొండవి. 2019 నుంచి దేశమంతటా అవి నిషేధం. అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానాయో, రెండూనో. నిలవ ఉంచినా నేరమే, ఆరు నెలల దాకా జైలు. "మా ఫ్రెండువి, దాచమన్నాడు" అంటే ఎవరూ వినరు.

కాగితాల దగ్గరకు వచ్చేసరికి నాకు చెయ్యి ఆడడం లేదు. వాటిలో కొన్నవాడు ఏం చుట్టుకుంటాడో నీకెలా తెలుస్తుంది? మన రాష్ట్రంలో గంజాయి కోసం ఈగల్ అని ప్రత్యేకంగా పోలీసు బృందాలు పెట్టారు, 1972కి ఎవరైనా ఫోను చేసి చెప్పొచ్చు. కాగితం అమ్మడం నేరం కాదని నువ్వు స్టేషన్లో వాదించి గెలిచే వస్తావు, తెలివైనవాడివి. కానీ నువ్వు ఆ బెంచీ మీద కూర్చున్న గంటసేపు ఇంట్లో మీ అమ్మ ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను, నువ్వు ఊహించుకోలేవు. ఆ పేరాల ఆవిడకు కూడా ఇంక నేను జవాబు చెప్పలేను. కాగితాలు మానెయ్. మిగతావాటి గురించి మాట్లాడుకుందాం.

ఇంత రాశానని మొహం ముడుచుకోకు. ఉద్యోగం పోయినంతమాత్రాన నువ్వు చేతకానివాడివైపోలేదు. కంపెనీ వందలమందిని పంపించింది, అందులో నీ తప్పేముంది? మా గోడగడియారం విప్పి నువ్వు మళ్ళీ బిగించినప్పుడు ఒక మర మిగిలింది, నీకు పదేళ్ళు. అయినా అది ఆడింది, మీ మావయ్య పోయేదాకా సరైన టైమే చూపించింది. అంత చెయ్యి తిరిగినవాడివి. లైటర్లు పెట్టు, ఖరీదైనవి, ఐఎస్ఐ గుర్తున్నవి, బిల్లున్నవి. వాటికి గ్యాసు నింపు, రాయి మార్చు. పక్కనే వంటింటి లైటర్లు, టార్చిలైట్లు, గడియారాల బ్యాటరీలు, ప్రెషర్ కుక్కర్ల గాస్కెట్లు. గాస్కెట్టుకు వచ్చిన ఆడమనిషి మళ్ళీ వస్తుంది, ఇంకో ఇద్దరిని తీసుకొస్తుంది. పుర్రెబొమ్మలుంటే మాత్రం ఆ మెట్టే ఎక్కదు. ఇదంతా నువ్వు అనుకున్న కొట్టులా లేదని తెలుసు. పోస్టరు కూడా గీయించుకున్నావట, మీ అమ్మ చెప్పింది. బాగుందటగా.

మూడు లక్షలు అడిగావు. మీ మావయ్య డిపాజిట్టు తీసి రెండు ఇస్తాను, వడ్డీ లేదు. మూడోది కొట్టు ఆర్నెల్లు నడిచాక. కాలేజీ ఎదుట గదికి మాత్రం పైసా ఇవ్వను. దానికి అడ్వాన్సు ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే మీ నాన్నకు చెప్పకముందు నాకు చెప్పు. ఓనరు మా కొట్లో ఖాతా ఉన్నవాళ్ళ అబ్బాయే, నేను మాట్లాడతా.

దగ్గుకు మిరియాలు, బెల్లం. మూడు వారాలైందంటే మాత్రం డాక్టరుకు చూపించుకో, వంటింటి వైద్యం వద్దు. నువ్వు కూడా కాలుస్తున్నావా అని అడగను. రాయకు కూడా. ఎదురుగా కూర్చున్నప్పుడు యాలక్కాయ వాసన వస్తే నాకే తెలుస్తుంది.

శనివారం పొద్దున రైలుకు నేనే వస్తున్నాను. తాపీమేస్త్రీని అడిగి ముప్పై మీటర్ల టేపు తెచ్చి ఉంచు, బట్టలు కొలిచేది కాదు. కాలేజీ వదిలి పిల్లలు వెళ్ళిపోయాక కొలుద్దాం. ప్రహరీ వైపు నేను నిలబడతాను, టేపు నువ్వు లాగు.

మీ
అత్తయ్య

తా.క. మీ అమ్మను ఆవకాయ జాడీ ఒకటి ఖాళీ చేసి ఉంచమను. పోయిన వేసవి జాడీ ఇంకా తిరిగి రాలేదు, అది కూడా గుర్తుచెయ్.