బ్యాంకు లెక్క, మన లెక్క

తెనాలి,
20-1-2026

చిరంజీవి చిన్నికి,

 

నువ్వు పంపిన కారు కొటేషన్, జీతం స్లిప్పులు రెండుసార్లు చదివాను. ఉగాదికి సొంత కారులో వచ్చి అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్లాలన్న నీ కోరిక విని మీ అత్తయ్య, నేను ఎంతో సంతోషించాం. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నీకు వివరంగా చెప్పడం నా బాధ్యత. ఫోనులో చెబితే అంకెలు గుర్తుండవని ఉత్తరం రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదువు.

నీకు పదమూడు లక్షల దాకా లోను వస్తుందని షోరూమ్‌లో చెప్పారన్నావు. అది నిజమే. నీ చేతికొచ్చే జీతం 62,000. అందులో సగం దాకా వాయిదాలకు పోవచ్చని చాలా బ్యాంకులు లెక్క వేస్తాయి. అంటే 31,000. చదువు లోను వాయిదా 9,000 తీసేస్తే 22,000. వడ్డీ 9.5 శాతం, గడువు ఏడేళ్లు అనుకుంటే లక్షకు నెలకు 1,634 రూపాయలు పడుతుంది. ఆ చొప్పున 22,000కు పదమూడు లక్షల పైచిలుకు తేలుతుంది. ఇది బ్యాంకు లెక్క. ఇచ్చిన డబ్బు తిరిగి వస్తుందా రాదా అన్నదే అందులో ఉంటుంది. వాయిదా కట్టాక నీ ఇల్లు ఎలా గడుస్తుందన్నది ఉండదు. ఆ లెక్క నువ్వే వేసుకోవాలి.

లోను రావడానికైతే నీకు అడ్డంకి లేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది, జీతం ఖాతాలో పడుతోంది, ఫారం 16 ఉంది, చదువు లోను వాయిదా ఒక్కటీ తప్పలేదు. అయినా నీ అప్పుల చరిత్రకు వేసే మార్కు, సిబిల్ స్కోరు, ఒకసారి చూసుకో. అది 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే వడ్డీ తగ్గించమని అడిగే బలం నీకుంటుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇలాంటి స్కోరు ఇచ్చే సంస్థలు నాలుగున్నాయి. ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నీది కాని లోను గానీ, తీరిపోయినా బాకీ చూపిస్తున్న కార్డు గానీ అందులో ఉంటే ముందే ఫిర్యాదు చేసి సరిచేయించు. ఎవరు అడిగినా పాన్ నంబరు ఇచ్చి నాలుగైదు చోట్ల ఒకేసారి దరఖాస్తు పెట్టకు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది, స్కోరు తగ్గుతుంది. స్నేహితులెవరికైనా హామీ సంతకం పెట్టే ముందు నాకు చెప్పు. వాళ్లు కట్టకపోతే ఆ బాకీ నీ మీదికి వస్తుంది.

ఇప్పుడు నీ లెక్క. అద్దె, భోజనం కలిపి 20,000. ఇంటికి పంపేది 12,000. చదువు లోను 9,000. ఫోను, మందులు, బట్టలు, చిల్లర ఖర్చులు 6,000. మిగిలేది 15,000. షోరూమ్‌వాళ్లు రాసిచ్చిన ఎనిమిది లక్షల లోనుకు, ఏడేళ్లకు ఈఎంఐ 13,075. ఇంకా రెండు వేలు మిగులుతుందని నువ్వు మురిసిపోయావు. కానీ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లి వస్తే, సెలవుల్లో తిరిగేదీ కలుపుకుని నెలకు 700 కిలోమీటర్లు. లీటరు వంద దాటిన పెట్రోలుకు ఐదు వేల దాకా అవుతుంది. బీమా, సర్వీసింగు, టైర్లు నెలల మీద పంచితే ఇంకో మూడు వేలు. మొత్తం 21,000 దాటింది. నెలనెలా ఆరు వేలు తక్కువ పడతాయి. ఆ లోటును క్రెడిట్ కార్డుతో పూడ్చడం మొదలుపెడితే ఆ వడ్డీ ముందు కారు లోను వడ్డీ చాలా చిన్నది.

కొటేషన్‌లో మరికొన్ని గమనించు. అందులో కారుకు రాసిన ఎనిమిది లక్షలు షోరూమ్ ధర మాత్రమే. తెలంగాణలో ఈ ధర కారుకు జీవితపన్ను 14 శాతం, అంటే 1,12,000. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. అన్నీ కలిపితే రోడ్డెక్కేసరికి తొమ్మిదిన్నర లక్షలు దాటుతుంది. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. బయట ధర కనుక్కుని బేరమాడు.

ఏడేళ్ల గడువులో ఈఎంఐ చిన్నది, వడ్డీ పెద్దది. ఎనిమిది లక్షలకు ఐదేళ్లలో కట్టే వడ్డీ సుమారు 2,08,000. ఏడేళ్లకైతే 2,98,000. నువ్వు చెప్పిన ఆ ఫైనాన్సు కంపెనీ 5.5 శాతానికే ఇస్తానన్నది ఫ్లాట్ వడ్డీ. అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే లెక్కగడతారు. ఐదేళ్లకు 2,20,000 అవుతుంది. బ్యాంకు 9.5 శాతం కన్నా అదే ఎక్కువ.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మరొకటి. బీమాలో ఐడీవీ అని ఉంటుంది. కారు పోయినా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. మూడేళ్లు దాటిన కారుకు ధరలో 40 శాతం తగ్గించి లెక్కగడతారు. ఎనిమిది లక్షల కారుకు 4,80,000 వస్తుంది. ఏడేళ్ల లోనులో మూడేళ్లు కట్టాక కూడా నీ బాకీ 5,20,000 ఉంటుంది. కారు ఉండదు, ఇంకా నలభై వేలు నువ్వే ఎదురు కట్టాలి. అందుకే గడువు ఐదేళ్లు దాటకూడదని, చేతి డబ్బు గట్టిగా పెట్టి కొనాలని చెబుతున్నాను.

కాబట్టి నా మాట ఇది. ఎనిమిది లక్షల కారు ఇప్పుడు వద్దు. నీ చదువు లోను మరో పద్నాలుగు నెలల్లో తీరిపోతుంది. అప్పటిదాకా కారు కొన్నట్టే అనుకుని నెలకు 13,000 రికరింగ్ డిపాజిట్‌లో వెయ్యి. వడ్డీ కాక 1,82,000 అవుతుంది. మూడు నెలలకే దాన్ని ముట్టుకోవలసి వస్తే నీ స్తోమత ఎంతో నీకే తెలుస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్న లక్షన్నర మాత్రం కదపకు. ఉద్యోగానికేదైనా ఇబ్బంది వస్తే మూడు నెలలు నిన్ను నిలబెట్టేది అదే. పద్నాలుగు నెలలయ్యాక షోరూమ్ ధర ఐదున్నర లక్షల దగ్గరున్న చిన్న కారు చూసుకుని, ఐదు లక్షల లోను ఐదేళ్లకు తీసుకో. ఈఎంఐ 10,500. చదువు వాయిదా పోయింది కనుక చేతిలో 24,000 ఉంటుంది. కారు ఖర్చంతా పోను ఐదు వేలు మిగులుతుంది.

జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనాలని తొందరపెడుతున్నారన్నావు. చిన్న కార్ల మీద 28 శాతం, ఆపైన సెస్సు ఉండేది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమైంది. అది పన్ను రేటే తప్ప పండగ ఆఫరు కాదు. ఉగాది దాటితే పోదు.

లోను తీసుకునే రోజున కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకో. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం అది ఇచ్చి తీరాలి. బోనసు వచ్చినప్పుడు ముందుగా కట్టేస్తే రుసుము ఎంతో అడుగు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన ఫ్లోటింగ్ (మారే) వడ్డీ లోన్లకు ఆ రుసుము వేయకూడదు. స్థిర వడ్డీ అయితే వేయవచ్చు. లోను తీరాక బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించుకోవడం మరచిపోకు.

శ్రీశైలం ప్రయాణం ఇందుకోసం ఆగక్కర్లేదు. ఉగాదికి రా. కారు అద్దెకు మాట్లాడతాను, నీ ఒక నెల ఈఎంఐ కన్నా తక్కువలో అందరం వెళ్లి వద్దాం. ఈలోగా సంతకం ఎక్కడా పెట్టకు. ఈ లెక్క నీ చేత్తో మళ్లీ వేసి, నా అంకెల్లో ఎక్కడ తేడా ఉందో నాకు రాయి.

ఇట్లు,
నీ మావయ్య