వారానికో సాయంత్రం ఆటకు



మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో బదులు చెప్పడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. టొరొంటో వచ్చాక క్లాసులు, పార్ట్‌టైం పని, గది, ఇంతే లోకమైపోయిందన్నావు. బోర్డ్ గేమ్స్ ఆడుకునే కేఫ్‌లూ బార్‌లూ ఉన్నాయట, ఒక్కదాన్నే వెళ్లొచ్చా అత్తా అని అడిగావు. నిరభ్యంతరంగా వెళ్లు తల్లీ. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగూకుతుంది. చలికాలమంతా గదిలో ముడుచుకుని కూర్చుంటే, మంచు కరిగేనాటికి కూడా ఊళ్లో నిన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఉండరు. నా దిగులంతా దాని గురించే.

నువ్వు చేరిన ఊరికి ఈ విషయంలో మంచి పేరే ఉంది. 2010లో బ్లూర్ స్ట్రీట్ మీద స్నేక్స్ అండ్ లాటేస్ తెరిచారు. ఉత్తర అమెరికాలో బోర్డ్ గేమ్ కేఫ్‌లకు దారి వేసింది అదేనంటారు. మనిషికి ఇంతని కట్టి, అరల నిండా ఉన్న ఆటల్లోంచి నచ్చిన పెట్టె తెచ్చుకుని ఆడుకోవడం, నియమాలు నేర్పడానికి సిబ్బంది ఉండడం అక్కడి పద్ధతి. ఆ సిబ్బందిని మొహమాటం లేకుండా పిలువు. నియమాల పుస్తకంతో అరగంట కుస్తీ పట్టేకంటే, ఆట తెలిసినవాళ్లు అయిదు నిమిషాల్లో చెప్పేది బాగా ఎక్కుతుంది.

ఇలాంటి చోట్లు తెరుస్తుంటారు, మూస్తుంటారు, వేళలు మారుస్తుంటారు. బయల్దేరేముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కో. రుసుము గంటకా, పూటకా? శని, ఆదివారాల్లో బల్ల ఎంతసేపు ఇస్తారు? ఒంటరిగా వచ్చినవాళ్లను వేరేవాళ్లతో కలిపి కూర్చోబెట్టే సాయంత్రం ఏదైనా ఉందా? ఖర్చు లెక్క కూడా ముందే వేసుకో. మెనూలో కనిపించే ధర మీద 13 శాతం పన్ను పడుతుంది, ఆపైన టిప్ ఉంటుంది. నెలాఖరున చేతిలో డబ్బులు ఆడకపోతే యూనివర్సిటీలో ఆటల క్లబ్బు ఉందేమో చూడు, పబ్లిక్ లైబ్రరీలో ఆటల గురించి అడుగు. ఆ లైబ్రరీకి ఊరంతా కలిపి వంద శాఖలున్నాయి.

ఇన్ని చెప్పినా నేను నీకు గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. మంచి చోటు కోసం ఊరంతా తిరగకు, ఒక మంచి రోజు పట్టుకో. శుక్ర, శనివారాల్లో వచ్చేవాళ్లు తమ గుంపుతోనే వచ్చి, తమలో తామే ఆడుకుని వెళ్లిపోతారు. అక్కడ నీకు కుర్చీ దొరికినా జత దొరకదు. సోమ, మంగళ, బుధవారాల్లో బేరం పల్చగా ఉంటుంది కాబట్టి, ఎవరైనా వచ్చి కలవొచ్చనే ఆటల సాయంత్రాలు ఎక్కువగా అప్పుడే పెడతారు. వాటికి నీలాగే ఒంటరిగా వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటి సాయంత్రం ఒకటి ఎంచుకుని, నెల రోజులపాటు మానకుండా వెళ్లు. మొదటి వారం ఎవరూ పలకరించకపోయినా చిన్నబుచ్చుకోకు. వారంవారం కనిపించే మనిషికి పరిచయం దానంతటదే ఏర్పడుతుంది. వారానికో కొత్త కేఫ్ చూసొస్తే మాత్రం నువ్వు అన్నిచోట్లా కొత్తదానివే.

వెళ్లేటప్పుడు మొదలుపెట్టే వేళకే వెళ్లు. ఒకసారి ఆట మొదలైతే మధ్యలో చేర్చుకోవడం కుదరదు. కటాన్ అనే ఆట పెట్టెలో నలుగురికే కాయలుంటాయి. అందుకే రాగానే సిబ్బందితో ‘నేనొక్కదాన్నే వచ్చాను, మనిషి తక్కువైన బల్ల ఉందా’ అని అడుగు. తెలియనివాళ్లతో మొదటిరోజు కోడ్‌నేమ్స్ బాగుంటుంది, రెండు జట్లుగా ఎంతమందైనా సర్దుకోవచ్చు. గెలుపోటముల బెరుకుంటే పాండెమిక్ అడుగు, అందులో బల్ల మీదివాళ్లంతా ఒకే పక్షం. టికెట్ టు రైడ్ కూడా తప్పక ఆడు. దాని పటంలో నీ టొరొంటో ఉంది, నేనిప్పుడుంటున్న కాల్గరీ ఉంది.

నాకివేవీ తెలియవే అని జంకకు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి అరుగు మీద అష్టాచెమ్మా ఆడినదానివి. మూడు పులులు, పదిహేను మేకలతో పులి-మేక ఆడినదానివి. ఇరుపక్షాల బలమూ వేరైన ఆటలో ఎత్తు వేయడం నీకు చిన్నప్పుడే వచ్చు. చనువు ఏర్పడ్డాక ఒక కాగితం మీద గీతలు గీసి, నాణేలు పెట్టి ఆ ఆట బల్ల దగ్గరివాళ్లకూ నేర్పు.

బార్ సంగతి విడిగా చెప్పాలి. ఒంటారియోలో పంతొమ్మిదేళ్లు నిండినవాళ్లకే మద్యం ఇస్తారు, వయసు చూపించమంటారు. దానికోసం పాస్‌పోర్టు మోసుకు తిరగకు, ఒంటారియో ఫోటో కార్డు తీసుకో. తాగకపోయినా బార్‌లో కూర్చోవచ్చు, నిమ్మరసం సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు. అక్కడ బల్లలు చిన్నవి, వెలుతురు తక్కువ, రొద ఎక్కువ. కాబట్టి లవ్ లెటర్, జైపూర్ లాంటి చిన్న కార్డుల ఆటలే అక్కడికి సరిపోతాయి. గ్లాసును ఆట కార్డులకు దూరంగా పెట్టు. నీ గ్లాసు మీద మాత్రం కన్ను తియ్యకు, లేచి వెళ్లాల్సివస్తే తిరిగొచ్చాక కొత్తది తెప్పించుకో. సబ్‌వే రాత్రి ఒకటిన్నర ప్రాంతం దాకా నడుస్తుంది కానీ నువ్వు పదకొండుకల్లా లే. ఎక్కడున్నావో రూమ్మేట్‌కు చెప్పి వెళ్లు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఇంటికి పిలిస్తే, కొన్నాళ్లు కేఫ్‌లోనే కలుద్దామని చెప్పు. మంచివాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు.

బల్ల దగ్గర నీ నడతే నిన్ను మళ్లీ పిలిపిస్తుంది. కూర్చున్నాక ఓడిపోతున్నా చివరిదాకా ఆడు. నీ వంతు వచ్చేదాకా ఫోన్ చూడకు, పక్కవాళ్ల ఎత్తు నువ్వు చెప్పకు. అయిపోయాక కాయలూ ముక్కలూ లెక్కపెట్టి పెట్టెలో సర్దు. ఒక్క ముక్క పోయినా తర్వాత వచ్చేవాళ్లకు ఆట లేనట్టే. లేచే ముందు వాళ్ల పేర్లు అడిగి గుర్తుపెట్టుకో, వచ్చే వారం వస్తున్నానని చెప్పు.

ఈ వారంలోనే రోజు ఖాయం చేసుకుని నాకు మెసేజ్ పెట్టు. ఆ సాయంత్రం నీకు ఫోన్ చెయ్యను, మీ నాన్నకూ చెయ్యొద్దని చెబుతాను. వేసవిలో నేను వచ్చినప్పుడు మీ బల్ల దగ్గర నాకూ ఒక కుర్చీ వేయించు.

ఆశీస్సులతో,
నీ మేనత్త