విద్యుత్తు – జాగరూకత

అగ్ని తన ఉనికిని పొగతో చాటుతుంది. ప్రవాహం తన వేగాన్ని ధ్వనితో తెలుపుతుంది. విద్యుత్తు మాత్రం రూపం, రంగు, వాసన లేకుండా తీగలో సంచరిస్తుంది. కనుక సరఫరా లేదని నిర్ధారించుకొనేవరకు ప్రతి తీగలోనూ విద్యుత్తు ఉన్నదనియే భావించాలి. విద్యుత్ భద్రతకు ఇదే మూలసూత్రం.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. ఆ మన్యానికి ఆవల, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. ఇటువంటి కేంద్రాల నుంచి లక్ష వోల్టులకు పైబడి బయలుదేరిన విద్యుత్తు ఉపకేంద్రాలలో క్రమంగా తగ్గుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మరుకు 11,000 వోల్టులతో, ఇంటికి సుమారు 230 వోల్టులతో చేరుతుంది.

230 వోల్టులు స్వల్పమని తలచరాదు. ఆంపియరులో పదవవంతు శరీరం గుండా ప్రవహించినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అందువల్ల తడిచేతులతో స్విచ్చులను తాకరాదు. మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. బట్టలు ఆరవేసే తీగను విద్యుత్ స్తంభానికి కట్టరాదు.

హైవోల్టేజి తీగను తాకనక్కరలేదు. మరీ సమీపిస్తే విద్యుత్తు గాలి గుండానే దూకగలదు. తోటలో కాయలు కోసే లోహపు గడ, ఇనుప నిచ్చెన ఆ తీగల దరికి చేరరాదు. లైన్‌మన్ సైతం ఉపకేంద్రం నుంచి లైన్ క్లియర్ పొంది, సరఫరా లేదని పరీక్షించి, తీగలను ఎర్త్ చేసిన పిదపనే పని ప్రారంభించాలి. ఏలయనగా, ఆపిన లైనులోకి ఏ ఇంటి జనరేటరు నుంచో విద్యుత్తు ఎదురు రావచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు వేలాది విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. తెగిపడిన తీగ చుట్టూ నేలలోనూ విద్యుత్తు వ్యాపించి ఉండవచ్చు. కనీసం పది మీటర్ల దూరాన నిలిచి 1912కు తెలియజేయాలి. దాని సమీపంలో చిక్కుకున్నవారు పాదాలు రెండూ చేర్చి, నేలపై నుంచి ఎత్తకుండా మెల్లగా జరుగుతూ వెలుపలికి రావాలి. అడుగుల ఎడం పెరిగినకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది.

అన్నింటికంటె విషాదకరమైనది రక్షింపబోయినవారి మరణం. ఆత్రుతతో బాధితుని పట్టుకొన్నవారు తామూ బలి అవుతారు. ముందుగా సరఫరా ఆపాలి. ఇంటి విద్యుత్తయి, ఆపుటకు వీలు లేకుంటే పొడి కర్రతో తీగను తొలగించవచ్చు. హైవోల్టేజి వద్ద ఆ కర్ర కాపాడదు. బాధితునికి శ్వాస లేకుంటే 108కు తెలియజేసి, సహాయం అందేవరకు ఛాతీని లయబద్ధంగా నొక్కుతుండాలి.

అడవిపందులను అడ్డుకొనుటకు చేను చుట్టూ విద్యుత్ తీగ అమర్చడం నేరం. అది చీకటివేళ చేనికి వెళ్లే తోటి రైతును బలిగొంటుంది. విద్యుత్తు విషయంలో మన జాగ్రత్త మన ప్రాణానికే కాదు, పొరుగువాని ప్రాణానికి కూడా రక్ష.

ప్రశ్నలు
1. తెగిపడిన తీగ సమీపంలో ఎట్లు మెలగాలి?
2. విద్యుత్ ప్రమాద బాధితుని రక్షించు విధమును వివరింపుము.